కొట్టుకుపోయిన మట్టి ఖర్చు ఎవరి ఖాతాలో పడుతుంది?

హెక్టారు నేల మీద ఒక్క మిల్లీమీటరు మందాన మట్టి కొట్టుకుపోతే కంటికి ఆనదు. లెక్కేస్తే అది 10 ఘనపు మీటర్లు, తూకంలో దాదాపు 13 టన్నులు. పోయిన సారాన్ని ఆ నేల యజమాని ఎరువు కొని పూడ్చుకుంటాడు. మట్టి మాత్రం అక్కడితో ఆగదు. వాగులో పడి, జలాశయం చేరి, అడుగున పేరుకుంటుంది. జలాశయంలో పట్టే నీరు తగ్గుతుంది. టర్బైన్ రెక్కలు అరుగుతాయి. శుద్ధి కేంద్రంలో పటిక వాడకం పెరుగుతుంది. కొండవాలు చెడింది ఒకచోట, డబ్బు కట్టేది నాలుగుచోట్ల.

దెబ్బతిన్న నేలల్ని, అడవుల్ని, వాగుల్ని తిరిగి నిలబెట్టడానికి పెట్టే డబ్బు గిట్టుబాటు అవుతుందా అని ఎవరైనా అడిగితే జవాబు ఈ నాలుగుచోట్లే ఉంది. నాటిన మొక్కల సంఖ్య ఎంత ఖర్చయిందో చెబుతుంది, ఎంత తిరిగొచ్చిందో చెప్పదు. ఈ రాబడిలో పెద్దభాగం తప్పిన ఖర్చు రూపంలో వస్తుంది. అదీ చాలాసార్లు పెట్టుబడి పెట్టినవాళ్ళకు కాకుండా వేరేవాళ్ళకు అందుతుంది. కాబట్టి పలుగు పట్టకముందే తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది: ఈ నేల బాగుపడితే ఎవరి ఖర్చు తగ్గుతుంది?

న్యూయార్క్ నగరం ఈ ప్రశ్నకు ముందే జవాబు వెతుక్కుంది. ఆ నగరానికి నీరు ప్రధానంగా క్యాట్‌స్కిల్, డెలావేర్ పరీవాహక ప్రాంతాల నుంచి వస్తుంది. 1990ల నాటి అంచనాల ప్రకారం ఆ నీటిని వడగట్టే కేంద్రం కట్టడానికి 600 నుంచి 800 కోట్ల డాలర్లు, నడపడానికి ఏటా దాదాపు 30 కోట్ల డాలర్లు కావాలి. దాని బదులు నగరం 1997లో ఎగువ ఊళ్ళతో ఒప్పందం చేసుకుంది. అమ్మడానికి ఇష్టపడినవాళ్ళ దగ్గర భూములు కొన్నది. పాడైన సెప్టిక్ ట్యాంకులు బాగు చేయించింది. పశువులు వాగులోకి దిగకుండా కంచెలు వేయించి, ఒడ్డున పచ్చదనం పెంచింది. దీనికి పదేళ్ళలో 100 నుంచి 150 కోట్ల డాలర్ల స్థాయిలోనే ఖర్చయింది. ఇందులో పునరుద్ధరణ కన్నా ఉన్నదాన్ని కాపాడుకోవడమే ఎక్కువ. లెక్క సులువుగా కుదరడానికి కారణం, డబ్బు పెట్టింది, మిగుల్చుకున్నది ఒకే నగరం కావడం. అదే నగరానికి క్రోటన్ అనే పాత పరీవాహక ప్రాంతం కూడా ఉంది. అక్కడ ఇళ్ళు, రోడ్లు బాగా పెరిగిపోయాయి. ఆ నీటికి చివరికి శుద్ధి కేంద్రం తప్పలేదు. 300 కోట్ల డాలర్లకు పైగా ఖర్చయి అది 2015లో మొదలైంది. నేలను కాపాడుకోవడానికీ ఒక గడువు ఉంటుంది.

లెక్క ఎలా వేయాలి

పని మొదలుపెట్టకముందు ఎలా ఉండేది, తరువాత ఎలా ఉంది అని పోల్చడం అందరూ చేసే మొదటి తప్పు. పోల్చాల్సింది పని చేసిన నేలనూ, చేయకుండా వదిలేసిన అలాంటి నేలనూ. వదిలేసిన నేల ఉన్నచోట ఉండదు, ఏటా ఇంకాస్త చెడుతుంది. ముందూ తరువాతా పోల్చితే ఆ జారుడు లెక్కలోకి రాదు, రాబడి తక్కువగా కనపడుతుంది. పని పూర్తయిన ఏడాది వానలు బాగా పడితే ఇదే పోలిక తలకిందులై, వాన చేసిన మేలంతా పథకం ఖాతాలో పడుతుంది. అందుకే పనిచేసే ప్రాంతం పక్కనే అదే వాలు, అదే మట్టి, అదే వాడకం ఉన్న ముక్కను ముట్టుకోకుండా ఉంచి, రెండింటినీ ఒకే రోజు కొలవాలి.

ఖర్చు పద్దులో గుంతలు, మొక్కలు, రాళ్ళు, కూలి అందరూ రాస్తారు. మరిచిపోయేవి వేరే ఉన్నాయి. మొదటి మూడు నుంచి అయిదేళ్ళ సంరక్షణ, అంటే చనిపోయిన మొక్కల చోట మళ్ళీ నాటడం, కలుపు తీయడం, మంటల నుంచి కాపలా. కొలతల ఖర్చు. అన్నిటికన్నా ముఖ్యంగా, మేతకు మూసేసిన నేల మీద అప్పటిదాకా పశువులు మేపుకున్నవాళ్ళు పోగొట్టుకునే ఆదాయం. దీన్ని పద్దులో రాయకపోతే అది మాయమైపోదు. రాత్రిపూట తెగిన కంచెగా తిరిగొస్తుంది.

రాబడి పద్దులో రెండుసార్లు లెక్కపెట్టడం పెద్ద ప్రమాదం. తేనెటీగలు పెరిగి పరాగ సంపర్కం బాగుపడితే అది పంట దిగుబడిలోనే కనపడుతుంది. దిగుబడికి ఒక విలువ, పరాగ సంపర్కానికి మరో విలువ కట్టి కలిపితే అది అబద్ధపు లెక్క. భూగర్భజలం, దానితో పండిన పంట విషయంలోనూ ఇంతే.

ఇక ఉపాధి. పథకం లాభనష్టాల లెక్కలో కూలి ఖర్చు వైపే ఉంటుంది, దాన్ని రాబడిగా చూపకూడదు. ఉపాధిని వేరే పట్టికలో చూపించాలి, గట్టిగానే చూపించాలి. 2009 ఆర్థిక ఉద్దీపన నిధుల్లో అమెరికా 16.7 కోట్ల డాలర్లు తీరప్రాంత పునరుద్ధరణకు ఇచ్చింది. మొత్తం 50 పథకాలు. పది లక్షల డాలర్లకు సగటున 17 ఉద్యోగాలు వచ్చినట్టు తరువాత లెక్క తేలింది. చేతిపని ఎక్కువున్న పథకాల్లో అది ఇంకా పెరిగింది. 2015లో వెలువడిన మరో అధ్యయనం ఆ దేశంలో పునరుద్ధరణ రంగం నేరుగా 1,26,000 మందికి పని ఇస్తోందని, ఏటా 950 కోట్ల డాలర్ల విలువైన పని జరుగుతోందని చెప్పింది. వాగు గట్టును బాగుచేసే పనిని వేరే దేశానికి తరలించలేం. పని అక్కడే, కూలి అక్కడే.

వడ్డీ రేటు దగ్గర తేలే తీర్పు

ఖర్చంతా ముందు, రాబడంతా వెనక. ఇలాంటి పెట్టుబడిని భవిష్యత్తు విలువ తగ్గించే రేటు, అంటే డిస్కౌంట్ రేటు, నిలబెడుతుంది లేదా పడగొడుతుంది. 30 ఏళ్ళ తరువాత వచ్చే 100కి ఇప్పటి విలువ 3 శాతం రేటున 41. 10 శాతం రేటున 6 కూడా కాదు.

ఒక ఉదాహరణ కడదాం. కొండవాలు మీద మొక్కలు నాటే పథకం. మొదట్లో 60, తరువాత రెండేళ్ళు సంరక్షణకు ఏటా 20, మొత్తం 100 ఖర్చు. రాబడి నాలుగో ఏటి నుంచి ఇరవయ్యో ఏటి వరకు ఏటా 12. మామూలుగా కూడితే 204, రెట్టింపు దాటింది. 4 శాతం రేటున ఇప్పటి విలువలు చూస్తే ఖర్చు సుమారు 98, రాబడి సుమారు 130. లాభమే. 8 శాతం రేటున ఖర్చు 96, రాబడి 87. నష్టం. నేల మారలేదు, పని మారలేదు, రేటు ఒక్కటే మారింది. అందుకే ఏ నివేదికలోనైనా రూపాయికి ఇన్ని రూపాయలు అని కనపడితే, ఏ రేటు, ఎన్నేళ్ళు అన్నది ముందు చూడండి. ఆ రెండూ రాయని నివేదికను పక్కన పెట్టేయవచ్చు.

ఇప్పుడు ఇదే పథకంలో సంరక్షణకు పెట్టిన 40 మిగుల్చుదామని ఎవరో నిర్ణయించారనుకోండి. మొక్కల్లో మూడోవంతే బతికాయి, రాబడి 12 నుంచి 4కు పడింది. 4 శాతం రేటుకే ఖర్చు 60, రాబడి 43. ముందు 32 లాభమున్న పథకం 17 నష్టంలోకి దిగింది. నిధులిచ్చే సంస్థలు నాటే ఏడాదికి ఘనంగా ఇచ్చి రెండో ఏడాదికి చేయి ముడుచుకోవడం ఈ రంగంలో అన్నిటికన్నా ఖరీదైన పొదుపు.

మూడో దారి కూడా చూద్దాం. నాటడం మానేసి, ఉన్న వేళ్ళ నుంచి, రాలిన గింజల నుంచి మొలిచేవాటిని కాపాడారు. మొదట 10, తరువాత మూడేళ్ళు ఏటా 5, మొత్తం 25. రాబడి ఆలస్యంగా ఆరో ఏట మొదలై ఇరవయ్యో ఏటి వరకు ఏటా 8 మాత్రమే. 8 శాతం రేటున ఖర్చు సుమారు 23, రాబడి సుమారు 47. రెట్టింపు. నాటే పథకం ఓడిపోయిన రేటు దగ్గరే ఇది గెలిచింది. అంకెలు ఉదాహరణకు తీసుకున్నవే, కానీ లెక్క నడిచే తీరు మాత్రం ఇంతే: చవకైన పద్ధతి నెమ్మదిగా పెరిగినా గిట్టుబాటు అవుతుంది.

నాటకముందు నేలను అడగాలి

కాబట్టి మొదటి పని నర్సరీకి ఆర్డరు ఇవ్వడం కాదు. బీడు మీద 20 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పున నాలుగైదు ముక్కలకు కంచె వేసి ఒక వానాకాలం వదిలేయాలి. ఒక్కో ముక్కలో మోడుల నుంచి వచ్చిన పిలకలు, గింజ మొలకలు లెక్కపెట్టి, ముక్కకు వచ్చిన సగటును 25తో హెచ్చవేస్తే హెక్టారుకు ఎన్నో తెలుస్తుంది. వందల్లో వస్తే నాటే ఖర్చు చాలావరకు అనవసరం. ఏమీ రాని ముక్కల్లోనే నాటాలి.

నైజర్ దేశపు దక్షిణ ప్రాంతాల్లో, మరాదీ, జిందేర్ వైపు, 1980ల నుంచి రైతులు ఇదే పద్ధతిలో దాదాపు 50 లక్షల హెక్టార్లలో పొలాల్లోకి చెట్లను తిరిగి తెచ్చుకున్నారు. పద్ధతి చాలా మామూలుది. నరికిన మోడు నుంచి పదులకొద్దీ పిలకలు వస్తాయి. వాటిలో నిటారుగా, బలంగా ఉన్న 3 నుంచి 5 ఉంచి మిగతావి కోసేయాలి. ఉంచిన వాటికి కింది సగం ఎత్తు వరకు పక్క కొమ్మలు తీయాలి. కొమ్మను ముందు అడుగు వైపు నుంచి కాస్త గాటు పెట్టి, తరువాత పైనుంచి కోస్తే బెరడు చీలదు. కొన్ని నెలలకోసారి కొత్త పిలకలు తీస్తూ ఉండాలి. కోసిన ఆకు నేల మీద కప్పుగా, పుల్ల పొయ్యిలోకి పనికొస్తాయి. ఒక్కసారిగా ఒకే పిలక మిగిల్చి అన్నీ తీసేస్తే అది సన్నగా సాగి గాలికి విరుగుతుంది. పశువు ఒక్కసారి కొరికితే రెండో పిలక ఆదుకునే వీలూ ఉండదు.

అక్కడ ఈ పని అంత విస్తరించడానికి పద్ధతి ఒక్కటే కారణం కాదు. అంతకుముందు చెట్టు ప్రభుత్వానిది, తన పొలంలోది కోసినా రైతుకు జరిమానా. చెట్టు తనదే అన్న నమ్మకం కుదిరాకే రైతు దాన్ని మిగల్చడం మొదలుపెట్టాడు. చెట్టు మీద హక్కు లేనివాళ్ళకు చెట్టు కలుపు మొక్కతో సమానం.

నీటిని ఆపే పనుల్లో అంకెలు అబద్ధమాడవు. ఒక హెక్టారు మీద ఒక మిల్లీమీటరు నీరంటే 10 ఘనపు మీటర్లు, 10,000 లీటర్లు. 50 మిల్లీమీటర్ల వాన పడి 40 శాతం పారిందనుకుంటే హెక్టారుకు 200 ఘనపు మీటర్లు. అర మీటరు వెడల్పు, అర మీటరు లోతు కందకం మీటరు పొడవుకు పట్టేది పావు ఘనపు మీటరు. సగం పారుడు ఆపాలన్నా హెక్టారుకు 400 మీటర్ల కందకం కావాలి. 150 మీటర్లు తవ్వి చుక్క నీరు బయటికి పోదని చెప్పే ప్రతిపాదన వస్తే, ఈ భాగహారం చేసి చూపించండి. కందకాన్ని ఒకే గీతగా తవ్వకూడదు. అడుగు మట్టం కొద్దిగా తేడా వచ్చినా నీరంతా పల్లం చివరికి చేరి అక్కడ గట్టు తెంచుకుంటుంది. అప్పుడు కొత్త గండి మనం తవ్విందే అవుతుంది. నాలుగైదు మీటర్ల ముక్కలుగా, పై వరుస ఖాళీకి ఎదురుగా కింది వరుస ముక్క వచ్చేలా తవ్వాలి.

గండ్లలో వేసే రాతికట్టల మధ్య దూరానికి సులువైన సూత్రం ఉంది: అలుగు ఎత్తును వాలుతో భాగించాలి. 0.6 మీటర్ల ఎత్తు, 5 శాతం వాలు అయితే 12 మీటర్లకు ఒకటి. అప్పుడు కింది కట్ట అలుగు మట్టం, పై కట్ట పాదం ఒకే ఎత్తులో ఉంటాయి. ఇవి కూలిపోయేది మూడు కారణాలతో. మధ్యలో అలుగు వదలకపోతే నీరు పక్కలకు తిరిగి గట్టు కోస్తుంది. రెండు ఒడ్డుల్లోకి కనీసం 30 నుంచి 50 సెంటీమీటర్లు రాళ్ళు దింపకపోయినా అంతే. కట్ట కింద నీరు దూకేచోట రాళ్ళు పరవకపోతే పునాది తొలుచుకుపోతుంది. పని ఎప్పుడూ కొండపై నుంచి కిందికి రావాలి. అడుగున పెద్ద కట్టతో మొదలుపెడితే పై మట్టంతా ఒకటి రెండు వానాకాలాల్లో అందులోకి చేరుతుంది. చిన్న రాతికట్ట వెనక మట్టి నిండితే మాత్రం కంగారు పడొద్దు. అది నిండడానికే కట్టింది. తీయకుండా దానిమీద గడ్డి పెంచాలి.

చెట్టు కూడా నీరు తాగుతుంది, దీన్ని చాలామంది మరిచిపోతారు. చైనాలోని లోయెస్ పీఠభూమిలో 1990ల నుంచి మెట్లు కట్టి, మేత ఆపి చేసిన పని నేల కోతను బాగా తగ్గించింది. తరువాత వాన తక్కువ పడేచోట్ల కూడా చెట్లు దట్టంగా నాటడంతో అక్కడి నేల తేమ అడుగంటడం మొదలైంది. గడ్డి, పొదలు సరిపోయే చోట అడవి పెంచకూడదు. దక్షిణాఫ్రికాలో 1995లో మొదలైన ప్రభుత్వ పథకమైతే నీటి కోసమే చెట్లు కొట్టించింది. బయటి దేశాల నుంచి వచ్చి వాగుల వెంట వ్యాపించిన జాతుల్ని తీసేస్తే వాగులో నీరు పెరుగుతుంది, ఆ పనితో పేదలకు కూలి దొరుకుతుంది. అక్కడ కూడా అసలు ఖర్చు రెండోసారి, మూడోసారి వెళ్ళడంలోనే ఉంది. మోడుకు మందు పూయక, మళ్ళీ వచ్చిన మొలకలు పీకకపోతే మొదటి నరుకుడు అడవిని ఇంకా చిక్కగా చేస్తుంది.

మడ అడవుల దగ్గర డబ్బు ఎక్కువగా మునిగేది తప్పుడు చోట నాటడం వల్లే. ఫిలిప్పీన్స్‌లో దశాబ్దాల పాటు భారీగా నిధులు పెట్టి నాటినా, దీర్ఘకాలంలో బతికినవి సాధారణంగా 10 నుంచి 20 శాతమేనని 2008లో వచ్చిన సమీక్ష చెప్పింది. ఎప్పుడూ నీళ్ళలో ఉండే బురద మేటల మీద నాటడం, ఆ చోటికి తగని జాతి ఎంచుకోవడం ప్రధాన కారణాలు. ఆ బురద మేటలు ఎవరి సొంతమూ కావు కాబట్టి నాటడానికి అడ్డుచెప్పేవాళ్ళు లేరు. మడ చెట్లకు సముద్రపు పోటు నీరు కావాలి, కానీ కాలంలో దాదాపు 30 శాతానికి మించి మునిగి ఉండకూడదు. వదిలేసిన రొయ్యల చెరువుల గట్లకు సరైన చోట గండి కొట్టి పోటు నీటిని రానిస్తే, దగ్గర్లో తల్లి చెట్లుంటే, గింజలు వాటంతటవే వచ్చి పాతుకుంటాయి. కుదిరినచోట ఫలితం గట్టిది. 2020లో వెలువడిన అంచనా ప్రకారం మడ అడవులు ప్రపంచమంతటా ఏటా 6,500 కోట్ల డాలర్లకు పైగా వరద నష్టాన్ని తప్పిస్తున్నాయి.

డబ్బు ఎవరు పెట్టాలి

ఎవరి ఖర్చు తగ్గుతుందో తేలిందంటే ఎవరిని అడగాలో కూడా తేలినట్టే. ఈక్వడార్ రాజధాని క్విటో నగరం 2000లో ఒక నీటి నిధి పెట్టుకుంది. నగర నీటి సంస్థ తన అమ్మకాల్లో 2 శాతం అందులో వేస్తుంది. మూలధనం కదలకుండా దాని రాబడితో ఎగువ గడ్డి కొండల్ని కాపాడతారు. ఏటా బడ్జెట్ కోసం చేయి చాచే అవసరం లేకపోవడం వల్లే సంరక్షణ ఆగిపోదు.

చండీగఢ్ దగ్గర సుఖోమజ్రి కథ దీనికి మరో వైపు. 1958లో కట్టిన సుఖ్నా సరస్సు పూడిపోతుంటే కారణం వెతుకుతూ 1970లలో నేల శాస్త్రవేత్తలు ఎగువ గ్రామపు కొండల దాకా వెళ్ళారు. మేత ఆపమని చెబితే ఆగలేదు. చిన్న మట్టికట్ట కట్టి పొలాలకు నీరిచ్చి, భూమి లేని కుటుంబాలకు కూడా ఆ నీటిలో వాటా ఇచ్చాక, ఊరివాళ్ళే కొండ మీదికి పశువులు పోకుండా కాపలా కాశారు. సరస్సులోకి వచ్చే మట్టి బాగా తగ్గింది. వాటా లేకుండా కాపలా ఉండదు.

కార్బన్ క్రెడిట్ల మీద, అంటే చెట్లు పట్టి ఉంచిన కార్బన్‌ను లెక్కగట్టి అమ్ముకునే పత్రాల మీద మాత్రం పథకం మొత్తాన్ని నిలబెట్టకండి. 10 టన్నుల ఎండు కలపలో కార్బన్ సుమారు 4.7 టన్నులు, కార్బన్ డయాక్సైడ్‌గా చూస్తే 17 టన్నులు. కొలవడం, ధ్రువీకరించడం, మంటల భయానికి కొంత నిల్వగా వదిలేయడం పోను చిన్న విస్తీర్ణానికి మిగిలేది తక్కువ. నీరు, మేత, తగ్గిన పూడిక లెక్కతోనే పథకం నిలబడాలి. కార్బన్ డబ్బు వస్తే సంరక్షణకు వాడుకోవచ్చు.

కొలతలకు మొత్తం ఖర్చులో కొంత మొదట్లోనే విడిగా తీసిపెట్టాలి. ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. వాన కొలిచే గొట్టం ఒకటి, వాగులో రంగు గీతలున్న కొలకర్ర, పనిచేసిన వైపూ చేయని వైపూ నాలుగేసి బావుల నీటిమట్టం నెలకోసారి, నేలలో దిగ్గొట్టి మట్టి ఎంత పోయిందో చూసే ఇనుప చువ్వలు ఒక్కో వైపు కనీసం ఇరవై. చువ్వ తల నుంచి నేల దాకా ఎన్ని మిల్లీమీటర్లున్నాయో వానాకాలానికి ముందు ఒకసారి, తరువాత ఒకసారి రాసుకోవాలి. రెండు వైపుల సగటు తేడాను హెక్టారుకు మిల్లీమీటరుకు 13 టన్నుల చొప్పున హెచ్చవేస్తే వాలు మీద నిలిచిన మట్టి ఎంతో తెలుస్తుంది. అందులో కొంత దారిలోనే ఆగేదే కాబట్టి, జలాశయం దాకా వెళ్ళే వాటాతో దాన్ని తగ్గించి, పూడిక తీసే ధరతో గుణించి, జలాశయం నడిపేవాళ్ళ ముందు పెట్టండి.